సొమ్ము దాచిన చోటు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



పిల్లల చదువునకై కూడబెట్టిన సొమ్ము స్వదేశపు బ్యాంకులో వేయుట మేలా, విదేశపు బ్యాంకులో వేయుట మేలా యని తలిదండ్రులు కొందరు మమ్ము అడుగుచుందురు. మేము బ్యాంకు వ్యవహారమున పండితులము కాము. అయినను చరిత్ర చెప్పు సంగతులు కొన్ని మనవి చేసెదము.

మన బళ్లారి 1953 వరకు మద్రాసు రాష్ట్రములో నుండెను. ఆ మద్రాసు నగరమున అర్బత్‌నాట్ అను ఆంగ్లేయుల కంపెనీ బ్యాంకు వ్యాపారము చేసెడిది. దొరల కంపెనీ గదా యని ఎందరో తమ సొమ్మును అందు దాచిరి. లండనులో దానితో సంబంధముగల కంపెనీ దెబ్బతినగా, 1906 అక్టోబరులో మద్రాసు కంపెనీ దివాలా తీసెను. అధిపతియైన సర్ జార్జి అర్బత్‌నాట్‌కు జైలుశిక్ష పడినది. కాని శిక్ష పడినంతమాత్రమున దాచుకొన్నవారి నష్టము తీరలేదు.

ఆ దుఃఖానుభవము పిమ్మట 1907లో మద్రాసున ఇండియన్ బ్యాంకు వెలసినది. 1923లో మన పట్టాభి సీతారామయ్యగారు బందరున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

అట్లని స్వదేశపు బ్యాంకులన్నియు చెక్కు చెదరవని తలపరాదు. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడినది. దాని ఫలితముగా 1962లో డిపాజిట్లకు భీమా ఏర్పడినది. అప్పటి పరిమితి 1,500 రూపాయలు. 2020లో అది 5 లక్షలకు పెంచబడినది. మనదేశమందలి విదేశపు బ్యాంకుల శాఖలకును ఈ భీమా వర్తించును.

2008లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు, ఇచ్చట పలు విదేశపు బ్యాంకులు అప్పులిచ్చుట తగ్గించెను. ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చుచునే యుండెను. కష్టము మనదేశముదైనచో, స్వస్థానమున బలముగల విదేశపు బ్యాంకు నిలువగలదు. కష్టము దాని స్వస్థానమునకే వచ్చినచో, ముందుగా చేయి వెనుకకు తీసికొనునది అదియే.

కనుక తలిదండ్రులకు మా మనవి. పేరు చూచి మోసపోకుడు; బ్యాంకు మూలధనము ఎచ్చట నున్నదో, మీ సొమ్ము భీమా పరిమితిలో నున్నదో లేదో విచారింపుడు. అంతకు మించిన సొమ్మును ఒక్కచోటనే ఉంచకుడు. ఎక్కువ వడ్డీ ఆశచూపు చోట మరింత జాగరూకులై యుండుడు. పిల్లలకు పాసుపుస్తకము చదువుట నేర్పుడు; ఆ లెక్క మేమును తరగతిలో నేర్పెదము.

ఇంతటితో విరమించుచున్నాము.