పేర్లతో పోదాం ఢిల్లీకి
(కంగ్టిలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఢిల్లీ పోదామని పోయిన సమావేశంలో అనుకున్నాం. ఎందుకు పోవాలో, ఎట్లా పోవాలో ఈ రోజు తేల్చుకుందాం.

నేనింతకు ముందు ఒకసారి ఢిల్లీ చూశాను. ఎవరో టికెట్టు కొన్నారు, చేతికి జెండా ఇచ్చారు. ఎండలో కూర్చోబెట్టారు, తలలు లెక్కపెట్టారు, మళ్లీ రైలెక్కించారు. ఇంటికొచ్చాక మా అత్త అడిగింది: "గంత దూరం పోయి ఏమడిగొచ్చినవే?" నా దగ్గర జవాబు లేదు. మా పేరు మీద ఇచ్చిన కాగితంలో ఏం రాశారో నాకెవరూ చదివి వినిపించలేదు. అట్లాంటి ప్రయాణం మనకు మళ్లీ వద్దు.

మరి ఏమడుగుదాం? దీపావళి దాటితే మన ఊళ్ల నుంచీ, తండాల నుంచీ ఎన్నో కుటుంబాలు కర్ణాటకకు, మహారాష్ట్రకు చెరుకు కొట్టబోతాయి. ఆలుమగలను కలిపి ఒక జోడి కింద లెక్కగడతారు. అడ్వాన్సు తీసుకునేది ఆయన, కాగితం మీద వేలిముద్ర ఆయనది. కొట్టిన చెరుకు మోపులు కట్టి బండి దాకా మోసేది ఆమె. వంట, నీళ్లు, చంటిబిడ్డ కూడా ఆమెకే. లెక్కలో మాత్రం ఆమె లేదు. లెక్కలో లేని మనిషికి కాలు తెగితే పరిహారం ఎవరిస్తారు?

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరుకు కొట్టే స్త్రీలు వేల సంఖ్యలో గర్భసంచి తీయించుకున్నారని 2019లో అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. ఒకరోజు పని మానితే జరిమానా పడే చోట ఒళ్లు బాగుచేసుకునే తీరిక ఎవరికుంటుంది?

ఇతర రాష్ట్రాలకు కూలికి పోయేవాళ్ల కోసం పార్లమెంటు 1979లో ఒక చట్టం చేసింది. ఫోటో అంటించిన పాసుబుక్కు ఒక్కో కూలికి విడిగా ఇవ్వాలని, కూలి రేటు అందులో రాయాలని ఆ చట్టం చెప్పింది. మనలో ఎంతమంది ఆ పుస్తకం చూశారు? ఆ తర్వాత 2020లో వచ్చిన కార్మిక కోడ్ ఈ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. పాత చట్టం అయిదుగురు కూలీలున్నా వర్తించేది. కొత్త దాంట్లో పదిమంది ఉండాలి. ఊరు విడిచి పోయినందుకు ఇవ్వాల్సిన భత్యం కూడా అందులో లేకుండా పోయింది. చట్టం చేసింది ఢిల్లీ, మన పని మూడు రాష్ట్రాల్లో. అందుకే ఢిల్లీ పోవడం. మనం అడిగేది ఒక్కటే: జోడి లెక్క వద్దు, ఆడమనిషి పేరు విడిగా రాయాలి, ఆమె కూలి ఆమె చేతికివ్వాలి.

ఎప్పుడు పోదాం? పార్లమెంటు శీతాకాలం సమావేశాలప్పుడు మనం చెరుకు తోటల్లో ఉంటాం. బడ్జెట్ సమావేశాలు చాలావరకు అప్పటికీ మనం తిరిగిరాని రోజుల్లోనే. ఇక మిగిలింది వానాకాలం సమావేశాలు. కలుపుల కాలమే గానీ ఇంటి దగ్గరే ఉంటాం. మొదటి కలుపు అయిపోగానే బయలుదేరుదాం.

కంగ్టికి రైలు లేదు. ముందురోజే బస్సులో నారాయణఖేడ్ మీదుగా హైదరాబాదు చేరాలి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉదయమే కదిలి మరునాడు పొద్దున న్యూఢిల్లీలో దింపుతుంది. పోనూ రానూ ఆరు రోజులు పడుతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆ మొదటి రోజే టికెట్లు తీయాలి. ఆధార్ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరి చేతికీ ఇవ్వొద్దు. జంతర్ మంతర్‌కు దగ్గర్లోనే బంగ్లా సాహిబ్ గురుద్వారా ఉంది. అక్కడ ఎవరికైనా ఉచితంగా అన్నం పెడతారు.

జంతర్ మంతర్ దగ్గర ధర్నాలను 2017లో ఆపేశారు. పూర్తిగా నిషేధించడం కుదరదని 2018 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పోలీసుల అనుమతి ముందుగా రాతలో తీసుకోవాలి. మనది జహీరాబాద్ లోక్‌సభ స్థానం. మన ఎంపీకి నెల ముందే ఉత్తరం రాద్దాం.

వీటన్నిటికంటే కష్టమైంది ఇల్లు దాటడం. "నువ్వు పోతే బువ్వ ఎవలు వండుతరు?" అంటారు. చెరుకు తోటకు అయిదు నెలలు తీసుకుపోయినప్పుడు ఇల్లెవరు చూస్తారని ఎవరూ అడగలేదే! అయినా పోట్లాడి అలిసిపోవద్దు. పోయే ఒక్కొక్కరి ఇంటికి పోని ఒకరు బాధ్యత తీసుకోవాలి, పిల్లలను, పశువులను చూసుకోవాలి. వాళ్లు కూడా ఢిల్లీ పోయినవాళ్ల కిందే లెక్క. ఆరు రోజుల కూలి పోతుంది గనుక ఇప్పటి నుంచే వారానికింత జమ చేద్దాం.

ముందుగా అర్జీ ఇక్కడి తహసీల్దారుకు, సంగారెడ్డిలో కార్మిక శాఖ అధికారికి ఇద్దాం. రసీదులు తీసుకుందాం. "మీ ఊళ్లో అడిగారా?" అని ఢిల్లీలో అంటే ఆ రసీదులే జవాబు. అక్కడ కూడా అర్జీ ఇచ్చి ఫోటోలు దిగి రావొద్దు. డైరీ నంబరు వేయించుకుని రావాలి. ఆ నంబరు చేతిలో ఉంటే మన అర్జీ ఏమైందని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తుకు 10 రూపాయలు.

వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచి, ప్రతి తండా నుంచి చెరుకు కొట్టబోయే ఆడవాళ్ల పేర్లు రాసుకొని రండి. ఫలానా వాళ్ల భార్య అని వద్దు, ఆమె సొంత పేరు రాయండి. ఎన్ని సీజన్లు పోయిందో, ఏ దెబ్బ తగిలిందో, చేతికెంత వచ్చిందో రాయండి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే వేలిముద్ర తీసుకోండి. అర్జీ అంతా ఇక్కడే, అందరి ముందు చదువుదాం. ఈసారి తిరిగొచ్చాక ఏమడిగొచ్చినవే అని ఎవరడిగినా, పోయిన ప్రతి ఒక్కరూ జవాబు చెప్పగలగాలి.