విశాఖ సముద్రం చూడబోతే



కోతలు అయిపోయాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. పిల్లలకు బడి సెలవులు. "సముద్రం చూపించు నాన్నా" అని ఇంట్లో ఒకటే గోల. ఇలాంటి రోజుల్లో ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం విశాఖపట్నం బయలుదేరతారు. వెళ్ళాల్సిందే, చూడాల్సిందే. కాకపోతే అక్కడ ఏం ఉంటుందో, ఎలా మెలగాలో ముందే తెలుసుకుని వెళ్ళాలి.

తిరునాళ్ళ లాంటి ఒడ్డు

విశాఖలో అందరూ మొదట వెళ్ళేది ఆర్.కె. బీచ్‌కి. బీచ్ అంటే సముద్రపు ఒడ్డు. దగ్గరలో రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది. అందుకే ఆ పేరు వచ్చింది. ఆదివారం సాయంత్రం అక్కడ ఇసక వేస్తే రాలదు. బజ్జీల బండ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ముంత మసాలా, బుడగలు, గుర్రం సవారీ. పిల్లలకు పండగే పండగ.

ఒడ్డునే కురుసుర అనే సబ్‌మెరైన్ ఉంది. సబ్‌మెరైన్ అంటే నీళ్ళ అడుగున నడిచే యుద్ధనౌక. అది 31 ఏళ్ళు మన నౌకాదళంలో పనిచేసింది. 2001లో దాన్ని సేవ నుంచి తప్పించారు. 2002లో జనం చూడటానికి ఒడ్డుకు చేర్చి పెట్టారు. టికెట్టు కొని లోపలికి వెళ్ళవచ్చు. అంత ఇరుకులో నావికులు నెలల తరబడి ఎలా బతికారా అని ఆశ్చర్యం వేస్తుంది. కైలాసగిరి కొండ ఎక్కితే సముద్రం, ఊరు రెండూ కనిపిస్తాయి.

డబ్బు జాగ్రత్త

జనం ఎక్కువైతే ధర పెరుగుతుంది. ఆటో ఎక్కే ముందే ఎంతో అడగండి. గుర్రం ఎక్కే ముందు అడగండి. ఫోటో తీయించుకునే ముందూ అడగండి. దిగాక అడిగితే మాట వాళ్ళదే అవుతుంది.

నీళ్ళ సీసా కొంటే దాని మీద అచ్చు వేసిన ధర చదవండి. అంతకన్నా ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. లాడ్జిలో గది అద్దె ఎంతో ముందే తెలుసుకోండి. కట్టిన డబ్బుకు రసీదు తీసుకోండి. రసీదు మీద అంకె సరిగా ఉందో లేదో చూసుకోండి. ఆధార్ కార్డు వెంట ఉంచుకోండి. లాడ్జిలో అడుగుతారు.

పిల్లల జేబులో చీటీ

గుంపులో పిల్లలు తప్పిపోవడం ఎంతసేపు? అమ్మ బజ్జీలు కొంటుంది. నాన్న చిల్లర లెక్క చూస్తుంటాడు. ఆ రెండు నిమిషాల్లో పిల్లాడు బుడగల వాడి వెంట పోతాడు. అందుకే బయలుదేరే ముందు ఒక చీటీ రాయండి. బిడ్డ పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరు, ఫోను నంబరు రాయండి. దాన్ని బిడ్డ జేబులో పెట్టి పిన్నీసు గుచ్చండి. ఎవరి చేతా రాయించక్కర్లేదు. ఇప్పుడు మీ చేతికే అక్షరం వచ్చింది. ఎవరు తప్పిపోయినా ఎక్కడ కలుసుకోవాలో ముందే ఒక గుర్తు అనుకోండి. 112కి ఫోను చేస్తే పోలీసులు పలుకుతారు.

అసలు సంగతి సముద్రం

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. చెరువు నీరు నిలబడి ఉంటుంది. సముద్రపు నీరు లాగుతుంది.

ఎలా లాగుతుంది? అలలు నీటిని ఒడ్డుకు తోసుకొస్తాయి. ఆ నీరంతా మళ్ళీ వెనక్కి పోవాలి కదా! మడిలో నీళ్ళు ఎక్కువైతే గండి వెతుక్కుని పోతాయి. సముద్రంలోనూ అంతే. నీటి అడుగున ఇసక లోతుగా ఉన్న చోటు చూసుకుని, అక్కడి నుంచి జోరుగా లోపలికి పోతాయి. దీన్ని రిప్ కరెంట్ అంటారు.

దీనితో ఒక చిక్కు ఉంది. చుట్టూ అలలు తెల్లగా విరుగుతుంటే, ఆ గండి ఉన్న చోట మాత్రం నీరు నిమ్మళంగా కనిపించవచ్చు. తెలియని వాళ్ళు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడ దిగుదాం" అనుకుంటారు. నిమ్మళంగా ఉన్న చోటే ప్రాణం తీయవచ్చు.

ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, లోపలికి లాక్కుపోతుంది. మనిషి భయపడి ఒడ్డు వైపు ఎదురీదుతాడు. అలిసిపోతాడు. అప్పుడు మునుగుతాడు. అలా చిక్కుకుంటే ఎదురీదవద్దు. వెల్లకిలా తేలండి. చెయ్యెత్తి కేక వెయ్యండి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈదండి. లాగుడు తగ్గాక అలలతో పాటు ఒడ్డుకు రండి.

ఒకరు మునుగుతుంటే మిగిలిన వాళ్ళు ఊరుకోలేరు. అన్న కోసం తమ్ముడు దూకుతాడు. తమ్ముడి కోసం స్నేహితుడు దూకుతాడు. ఒక్క ప్రాణం పోయే చోట మూడు పోతాయి. దూకవద్దు. గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా, తాడు, ఏది దొరికితే అది విసరండి. గజ ఈతగాళ్ళను, దగ్గరలో ఉన్న జాలరులను పిలవండి. బయటికి తీసిన మనిషికి ఊపిరి ఆడకపోతే వెంటనే 108కి ఫోను చేయండి.

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. కార్తీక పౌర్ణమి స్నానానికి జనం వెళ్ళేదీ ఆ రోజే. ఆ రోజు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అలలన్నీ ఒకలా రావు. పది చిన్న అలలు వచ్చాక ఒక పెద్ద అల రావచ్చు. చంటిపిల్లలను అల అంచున కూర్చోబెట్టి పక్కకు పోవద్దు. పాచి పట్టిన రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకోవద్దు. తాగి నీళ్ళలో దిగవద్దు. చీకటి పడ్డాక అసలే దిగవద్దు.

బోర్డు చదవండి

ప్రమాదం ఉన్న చోట్ల "ఇక్కడ స్నానం చేయరాదు" అని బోర్డులు పెడతారు. చదువు రాని రోజుల్లో ఆ బోర్డు ఒట్టి రేకు ముక్క. నలుగురు దిగితే వాళ్ళ వెనకే దిగేవాళ్ళు. ఇప్పుడు అలా కాదు. మీరు చదవగలరు. చదివి ఆగండి. చదవలేని వాళ్ళు పక్కన ఉంటే పైకి చదివి వినిపించండి. పోలీసులు ఈల వేస్తే కోపం తెచ్చుకోకుండా వెనక్కి రండి.

మోకాలి లోతు దాటకుండా, చిన్న పిల్లలయితే చెయ్యి వదలకుండా అలలతో ఆడుకుంటే ఆనందానికి ఏం తక్కువ? గవ్వలు ఏరుకోండి. ఇసకలో గుజ్జనగూళ్ళు కట్టండి. ఆ తడి ఇసక మీద వేలితో మీ పేరు మీరే రాసుకోండి. అల వచ్చి చెరిపేస్తుంది. మళ్ళీ రాయండి. ఎంతమంది వెళ్ళారో అంతమందీ నవ్వుతూ ఇంటికి రండి.