మన ఊరు ఎంత పెద్దది?

(చదువుల కేంద్రంలో అక్కచెల్లెళ్ళతో ఒక అక్క మాట్లాడిన మాటలు)



ఇందాక నేను వచ్చేసరికి ఇక్కడ ఇద్దరు వాదులాడుకుంటున్నారు. మన పెద్దమ్మ హైదరాబాదులో బిడ్డ దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చింది. "మన వరంగల్ కూడా ఒక పట్నమేనా? ఎటు పోయినా తెలిసిన ముఖాలే. ఇది పెద్ద పల్లె" అన్నది. ములుగు దిక్కు నుంచి మొన్ననే కాపురానికి వచ్చిన చెల్లె ఒప్పుకోలేదు. "అమ్మో, రోడ్డు దాటాలంటేనే నాకు గుండె దడదడలాడుతది. ఇంత పెద్ద ఊరు నేనెన్నడూ చూడలే" అన్నది.

ఎవరి మాట నిజం? ఇద్దరిదీ నిజమే. పెద్దమ్మ మన ఊరిని హైదరాబాదుతో కొలిచింది. చెల్లె తన పల్లెతో కొలిచింది. మానిక మారితే లెక్క మారుతుంది. మరి మనం ఏ మానికతో కొలవాలి? ఇవాళ ఆ ముచ్చట చెప్పుకుందాం.

ఊరు ఎట్లా పెరిగింది?

మనది నిజానికి ఒక్క ఊరు కాదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట - మూడు ఊళ్ళు. పెరిగి పెరిగి ఒకదానికొకటి అతుక్కున్నాయి. పాత పేరు ఓరుగల్లు. కాకతీయ రాజులు ఇక్కడి నుంచి ఏలారు. వేయి స్తంభాల గుడి 1163లో కట్టించారు. ఏడు వందల ఏళ్ళ కిందటే రుద్రమదేవి ఇక్కడ రాజ్యం చేసింది. ఆమె కూడా మనలాగా ఆడమనిషే.

1934లో ఇక్కడ ఆజంజాహి బట్టల మిల్లు పెట్టారు. ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి ఆ మిల్లు జీతంతోనే వెలిగింది. తర్వాత ఆ మిల్లు మూతపడింది. అయినా ఊరు ఆగలేదు. 1959లో ఇంజనీరింగు కాలేజీ, డాక్టర్ల కాలేజీ వచ్చాయి. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. పెద్ద దవాఖాన, పెద్ద మార్కెట్ ఉండనే ఉన్నాయి. పల్లెల నుంచి జనం చదువుకు, వైద్యానికి, కూలికి వచ్చారు. వచ్చినవాళ్ళలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. 1994లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. తర్వాత చుట్టుపక్కల పల్లెలను కూడా కలిపారు. ఆ పల్లెలతో కలిపి చూస్తే 2011 లెక్కలనాటికే మన జనం ఎనిమిది లక్షలు దాటారు.

అంటే కాగితం మీద మన ఊరు పెద్దదే. మరి మనకు?

నా ఊరు మూడు గల్లీలే

నేను కాపురానికి వచ్చిన కొత్తలో నాకు చదువు రాదు. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో హమాలి. నాకు తెలిసిన ఊరు మూడు గల్లీలే. ఒకటి మా ఇల్లున్న గల్లీ. ఒకటి నల్లా ఉన్న గల్లీ. ఇంకొకటి కిరాణా దుకాణం ఉన్న గల్లీ. లక్షల మంది ఉన్న పట్నంలో నేను పల్లెకన్నా చిన్న ఊళ్ళో బతికాను.

ఒకసారి నా కొడుక్కు జ్వరం వచ్చింది. ఎత్తుకుని ఒక దవాఖానకు పోయాను. పొద్దుటి నుంచి లైన్‌లో నిలబడ్డాను. మధ్యాహ్నం ఊడ్చే అక్క వచ్చి, "ఇది రక్తపరీక్షల లైను. పిల్లల డాక్టరు చీటీ అటు పక్కన ఇస్తారు" అని చెప్పింది. నేను అటు ఉరికేసరికి కిటికీ మూసేశారు. తల ఎత్తి చూస్తే నా నెత్తి మీదనే బోర్డు ఉంది. పొద్దుటి నుంచి ఆ బోర్డు కిందనే ఉన్నాను. అది నాకు ఉత్త గీతలే.

జ్వరంతో కాలిపోతున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని ఇంటికి నడిచి వచ్చాను. మరునాడు మళ్ళీ పోయి చూపించాను. వాడు బాగయ్యాడు. కానీ ఆ పూట పడ్డ ఏడుపు నేను మరిచిపోలేదు. ఆ తర్వాతే రాత్రి బడికి పోవడం మొదలుపెట్టాను.

అక్షరాలు వచ్చాక మొదట నేను చదివింది పుస్తకం కాదు. బస్సు బోర్డు. "హనుమకొండ" అని కూడబలుక్కుని చదివి ఎక్కాను. ఎవరినీ అడగలేదు. ఆనాడు మా ఊరు పెద్దదయింది.

సందడి ఎవరి వల్ల?

మన ఊళ్ళో సందడికి తక్కువేమీ లేదు. మిర్చి కాలంలో ఎనుమాములకు పోయి చూడండి. కంటికి ఆనినంత దూరం ఎర్ర బస్తాలే. ఘాటుకు తుమ్ములు ఆగవు. బతుకమ్మ నాడు వేయి స్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలదు. రెండేళ్ళకొకసారి మేడారం జాతరకు జనం మన ఊరి మీదుగా ఏరులా పోతారు.

ఈ సందడి ఎవరు చేస్తున్నారు? మిర్చి తొడిమలు తీసేది ఆడవాళ్ళు. తెల్లారకముందే కూరగాయల గంపలు ఎత్తేది ఆడవాళ్ళు. రోడ్ల మీద చీపురు పట్టేది ఆడవాళ్ళు. కానీ గంప దించి కూర్చునేందుకు మనకు జాగా లేదు. "లే, లే" అని తరుముతారు. ఒంటికి పోవాలంటే చాటు లేదు. అందుకని పొద్దంతా నీళ్ళు తాగకుండా కూర్చునే అక్కలు నాకు తెలుసు.

ఒక మాట గుర్తు పెట్టుకోండి. రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ళ కోసం 2014లో చట్టం వచ్చింది. దాని ప్రకారం అమ్ముకునేవాళ్ళ లెక్క తీసి, వాళ్ళకు పత్రం ఇవ్వాలి. లెక్క పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. ఊరి కమిటీలో అమ్ముకునేవాళ్ళకు చోటు ఉండాలి. వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఇది ఎవరో చేసే దయ కాదు. మన హక్కు.

రకరకాల మనుషులు

కాజీపేట పెద్ద రైలు జంక్షన్. రైలు పనికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. అక్కడే దర్గా ఉంది. చర్చి ఉంది. కొత్తవాడలో నేతన్నలు జంపఖానాలు నేస్తారు. మన వరంగల్ జంపఖానాలకు 2018లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ఆ పేరు వేరే ఊరి సరుకుకు పెట్టకూడదు. తండాల నుంచి లంబాడా అక్కలు వస్తారు. మేడలు కట్టే పనికి బీహారు, ఒడిశా కూలీలు వస్తారు. ఒక్క బస్సులోనే తెలుగు, ఉర్దూ, లంబాడీ, హిందీ వినిపిస్తాయి.

వినడానికి బాగుంది. కానీ ఇల్లు అద్దెకు అడిగి చూడండి. "మీరు ఎవరు?" అంటారు. పేరు చెబితే చాలదు. కులం చెప్పాలి. మతం చెప్పాలి. "మొన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశాం" అంటారు. బోర్డు మాత్రం ఇంకా గేటుకే వేలాడుతుంటుంది. పక్కపక్కన బతికితే చాలా? పక్కింట్లో బతకనివ్వాలి కదా!

ఇంకో సంగతి. కాకతీయుల కాలంలో చెరువులు తవ్వించారు. ఊరు పెరిగినకొద్దీ నీళ్ళు పోయే నాలాలు ఇరుకైపోయాయి. నీళ్ళు నిలిచే జాగాలో ఇళ్ళు లేచాయి. 2020లో, 2023లో వానలకు ఎన్నో కాలనీలు మునిగాయి. మనం గిన్నెలు, బియ్యం నెత్తిన పెట్టుకుని బయటపడ్డాం. నీళ్ళకు జాగా వదలకుండా ఊరు పెరిగితే, ఆ కష్టం మొదట పల్లంలో ఉన్నవాళ్ళ మీదనే పడుతుంది.

మన మానిక

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఊరిని దేనితో కొలవాలి? మేడలతో కాదు. సినిమా హాళ్ళతో కాదు. ఒక పేద ఆడమనిషి ఒంటరిగా ఎంత దూరం పోయి, భయం లేకుండా తిరిగి రాగలదు? ఆ ఊరు అంత పెద్దది. ఇదీ నా మానిక.

2023 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది. టికెటు ఖర్చు తప్పింది. కానీ బోర్డు చదవడం, దారి అడగడం, దిగిన చోట దీపం ఉందా అని చూసుకోవడం మన పనే. దీపం లేకపోతే కార్పొరేటరును అడగడం కూడా మన పనే. 2021లో మన కార్పొరేషన్‌కు 66 డివిజన్లలో ఎన్నికలు జరిగాయి. వాటిలో సగం సీట్లు ఆడవాళ్ళవే. అడిగేవాళ్ళం మనం ఉంటే, వినేవాళ్ళు ఉంటారు. నోటితో అడిగితే మరిచిపోతారు. కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెట్టి ఇద్దాం.

చెల్లె, నువ్వు భయపడకు. వచ్చే ఆదివారం అందరం కలిసి కోటకు పోదాం. ఏ బస్సు ఎక్కాలో మేము చెప్పం. బోర్డు నువ్వే చదవాలి. పెద్దమ్మా, నువ్వూ రావాలి. ఇది పల్లెనో, పట్నమో అప్పుడు చెబుదువుగాని.



మాట్లాడుకుందాం

1. మీరు ఒంటరిగా పోయిన అన్నిటికన్నా దూరపు చోటు ఏది?
2. మీ గల్లీలో ఏ చోట దీపం కావాలి? ఎక్కడ మరుగుదొడ్డి కావాలి? రాయండి.
3. మీ వాడలో ఎన్ని భాషలు మాట్లాడేవాళ్ళు ఉన్నారు? వాళ్ళ ఇళ్ళకు మీరు ఎప్పుడైనా పోయారా?
4. మీరు మొదటిసారి చదివిన బోర్డు ఏది?