చివరి వరుసకు వినపడాలి
(బరంపురంలో ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం ముగిసింది. శ్రవణమంటే వినడమే గదా! వినపడనిచోట పుణ్యమూ లేదు, పురుషార్థమూ లేదు. ఇంక ఎనిమిది దినాలలో శ్రీరామనవమి. పందిరి వేసేవారినీ, పానకం కలిపేవారినీ అందరమూ మెచ్చుకుంటాము. మైకు దగ్గర కూర్చున్నవాడు మాత్రం మైకు చెడినప్పుడే జ్ఞాపకం వస్తాడు. అతని పక్షాన నాలుగు మాటలు మనవి చేస్తాను.

నిరుడు కల్యాణంలో మాంగల్యధారణ వేళకు డోలు, సన్నాయి మిన్నంటినవి. పురోహితులవారి మైకు ఆ మోతనంతా లాక్కొన్నది, మంత్రం వినపడలేదు. పెంచండి, పెంచండి అన్నారు పెద్దలు. పెంచగానే కీచుమని కూత! అందులో దయ్యమేమీ లేదు. లౌడ్‌స్పీకరులోనుంచి వచ్చిన ధ్వని తిరిగి మైకులో పడి, మళ్ళీ పెద్దదై, చక్రంలాగా తిరగడమే ఆ కూత. పెంచినకొద్దీ అది హెచ్చుతుంది. లౌడ్‌స్పీకర్లు మైకుకన్న ముందుగా, జనంవైపు ముఖం పెట్టి ఉండాలి. చదివేవారు మైకుకు దగ్గరగా ఉండాలి. పనిలేని మైకు కట్టేయాలి. డోలుకు మన పందిట్లో మైకే అక్కరలేదు.

హరిదాసుగారు చిరతలు వాయిస్తూ నాలుగడుగులు వేసేసరికి నిలువు మైకు కథను సగంలో వదిలేస్తుంది. వారికి మెడ దగ్గర తగిలించే చిన్న మైకు కావాలి. దానికి కొత్త బ్యాటరీ కావాలి.

వీధి చివర మరొక లౌడ్‌స్పీకరు కట్టాలని కొందరికి ఉబలాటం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. 68 మీటర్ల దూరాన కట్టితే అక్కడివారికి ప్రతి మాటా రెండుసార్లు, సెకనులో అయిదో వంతు తేడాతో వినపడి, ఏదీ అర్థం కాదు. పైగా 2000 సంవత్సరపు ధ్వని నియమాల ప్రకారం అనుమతి లేనిదే లౌడ్‌స్పీకరు పెట్టరాదు. రాత్రి 10 గంటలనుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మోగించరాదు.

నిరుడు కథ మధ్యలో పిల్లలు లేచిపోయారు. అల్లరివాళ్ళని కొందరు కసిరారు. పాపం, వాళ్ళకు మాట అందలేదు! బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివే మన పిల్లలకు రెండు గంటలసేపు చక్కని తెలుగు వినే అవకాశం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? ఆ ఒక్కటీ గరగరలో పోతే మళ్ళీ నవమిదాకా ఆగాలి.

కాబట్టి నా మనవి ఒక్కటే. అష్టమినాటి సాయంత్రమే మైకు సరిచూడండి. చివరి వరుసలో ఒక తాతగారినీ, ఒక పిల్లవాణ్ణీ కూర్చోబెట్టండి. ఇద్దరూ వినపడుతున్నదంటేనే మన ఏర్పాటు పూర్తి అయినట్లు.