డిజెబిలిటీ పెన్షన్ రిజెక్ట్ అయిందా? ఆ లెటర్ ఫైనల్ కాదు!

ఈరోజు టాపిక్ మన ఊళ్లలో ఉన్న మాజీ సైనికుల గురించి. జబ్బు చేసిందని ఆర్మీ నుంచి ఇంటికి పంపించేస్తారు. డిజెబిలిటీ పెన్షన్ అడిగితే ఇంగ్లీషులో ఒక లెటర్ వస్తుంది. "ఈ జబ్బు సర్వీస్ వల్ల రాలేదు, సర్వీస్ వల్ల పెరగలేదు" అని. గవర్నమెంటే కాదన్నాక ఇంకేం చేస్తాం అని చాలామంది దాన్ని ట్రంకు పెట్టెలో పడేస్తారు.

ధరమ్‌వీర్ సింగ్ అలా వదిలేయలేదు. 1985లో సిగ్నల్స్ కోర్‌లో చేరారు. తొమ్మిదేళ్లకు మూర్ఛ వ్యాధి, 20 శాతం వైకల్యం అని పంపించేశారు. పెన్షన్ ఇవ్వలేదు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పు ఇచ్చింది.

కోర్టు లాజిక్ సింపుల్. చేర్చుకునేటప్పుడు మెడికల్ టెస్ట్ చేసింది మీరే. అప్పుడు జబ్బు ఉందని రాయలేదు. అంటే మనిషి ఆరోగ్యంగానే చేరాడు. తర్వాత వచ్చింది సర్వీస్ వల్ల కాదంటే, కారణం మెడికల్ బోర్డు రాయాలి. నిరూపించాల్సిన భారం సైనికుడి మీద లేదు.

అలాగని ప్రతి కేసూ గెలుస్తుందని కాదు. బోర్డు సరైన కారణం రాసి ఉంటే కష్టం. 2023 సెప్టెంబర్ 21 తర్వాత సర్వీస్ నుంచి బయటికొచ్చిన వాళ్లకు రూల్స్ కూడా వేరు.

మరి ఏం చేయాలి? ముందు మెడికల్ బోర్డు రిపోర్ట్ సంపాదించండి. చేతిలో లేకపోతే రికార్డ్ ఆఫీసుకు ఆర్‌టీఐ పెట్టండి. అందులో కారణం రాశారా, లేదా చూడండి. లెటర్ వచ్చిన ఆరు నెలల్లోపు ఫస్ట్ అపీల్, అదీ పోతే సెకండ్ అపీల్. తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచ్. కాగితాల్లో డౌట్ వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

"మా నాన్న వచ్చేసి ఇరవై ఏళ్లయింది, ఇప్పుడెలా?" అంటారా? పెన్షన్ నెలనెలా రావాల్సిన డబ్బు కాబట్టి, లేటైనా కేసు వేయొచ్చు. కానీ పాత బకాయిలు మామూలుగా కేసు వేసిన రోజుకు ముందు మూడేళ్లవే ఇస్తారు. అంటే మనం ఊరుకున్న ప్రతి నెలా ఒక నెల డబ్బు పోతున్నట్టే.

ఇంగ్లీషు లెటర్ చదవడం వాళ్లకు కష్టం కావచ్చు, మనకు కాదు కదా. ఇవాళే ఆ ట్రంకు పెట్టె తెరిచి చూడండి.