శాంటోరిని ద్వీపమున ఒకనాటి నావాయాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో గ్రంథాలయోద్యమమును గూర్చి గాక ఓడప్రయాణమును గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరుట కొందరికి వింతగా తోచవచ్చును. ఉదయమునుండి నలుగురు పెద్దలు ఉద్యమచరిత్రను విపులముగా వివరించిరి. ఐదవవాడును అదియే చెప్పినచో వెనుక బల్లలమీది పిల్లలు లేచిపోవుదురని వారి భయము కాబోలు. నేను 2025 సెప్టెంబరు మాసములో గ్రీసుదేశమునందలి శాంటోరిని ద్వీపమును దర్శించి, ఒకదినమెల్ల నావలో తిరిగితిని. ఆ సంగతియే ఇప్పుడు చెప్పుచున్నాను.

ఈ ద్వీపము ఏజియన్ సముద్రమున సిక్లడీస్ అను ద్వీపసమూహమునకు దక్షిణపు కొసన ఉన్నది. ప్రాచీన నామము థీరా. ఐరీని అను పునీతురాలి పేర ఇటలీవారు మధ్యయుగమున శాంటోరిని అని పిలువగా ఆ పేరే లోకమున నిలిచినది. దీని ఆకారము తెలియవలెనన్నచో ఒక పెద్ద మూకుడును ఊహింపుడు. దాని అంచు మూడుచోట్ల విరిగి లోనికి సముద్రపు నీరు చొచ్చినది. మిగిలిన అంచులో పెద్దముక్క శాంటోరిని. పడమటి చిన్నముక్క థిరాసియా. ఇంకను చిన్నది ఆస్ప్రోనీసి అను నిర్జనమైన దిబ్బ. నడుమనున్న నీటికి నిడివి సుమారు 11 కిలోమీటర్లు, వెడల్పు 7 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 380 మీటర్లకు పైబడియుండును. అంచులు నీటినుండి 300 మీటర్ల ఎత్తువరకు నిట్టనిలువుగా లేచియున్నవి. కావున ఇచ్చట ద్వీపమును చుట్టివచ్చుటయన్నచో వెలుపలినుండి చుట్టుట కాదు. అగ్నిపర్వతపు కడుపులో తిరిగి, ద్వీపమును లోపలినుండి చూచుట.

ముఖ్యపట్టణమైన ఫీరా అంచుమీద ఉన్నది. నావలుండు పాతరేవు అడుగున ఉన్నది. రెంటికిని నడుమ 580కి పైగా మెట్లు. ఈ మెట్లపై మనుష్యులను మోయుటకు కంచరగాడిదలున్నవి. వానిపై మితిమీరిన బరువు వేయరాదని 2018లో గ్రీసు ప్రభుత్వము నియమమొకటి చేసినది. ఇనుపత్రాటిపై నడచు పెట్టెబండ్లును కలవు. నేను నడచియే దిగితిని. ఎక్కునప్పుడు మాత్రము పెట్టెబండియే శరణ్యమైనది.

మా నావ కొయ్యతో చేసినది. రెండు తెరచాపకొయ్యలున్నవి, ఇంజనును ఉన్నది. యాత్రికులము నలుబదిమందిమి. సరంగు అరువదియేండ్ల మనిషి, మితభాషి. అతని మాటలను మాకు ఇంగ్లీషులో చెప్పుటకు ఒక యువతి ఉండెను.

నావ రేవు విడిచిన పిమ్మట వెనుకకు తిరిగి చూచితిమి. క్రొత్తగా త్రవ్విన చెరువుగట్టు కోతలో మట్టిచారలు కనుపించునట్లు ఆ కొండచరియలో నలుపు, ఎఱుపు, గోధుమవన్నె పొరలు కనుపించినవి. అన్నిటికిని పైన తెల్లని మందపు పొర. దానిమీద సున్నము కొట్టిన ఇండ్లు. దూరమునుండి ఏది పొరయో ఏది ఇల్లో తెలియకుండెను. ఆ తెల్లనిది నురుగురాయి, బూడిద. క్రీస్తునకు పూర్వము ఇంచుమించు 1600వ సంవత్సర ప్రాంతమున ఈ కొండ ప్రేలినప్పుడు కురిసినది. ఆనాటి బూడిదలో కప్పబడిన ఓలివుకొమ్మ ఒకటి దొరకగా, దానినిబట్టి శాస్త్రజ్ఞులు క్రీ.పూ. 1627–1600 నడిమి కాలమును నిర్ణయించి 2006లో ప్రకటించిరి. పురాతత్త్వజ్ఞులలో కొందరు అంతకంటె కొంత తరువాతనే జరిగినదని ఇప్పటికిని వాదించుచున్నారు.

మా దుబాసీ యువతి ఇచ్చటనే అట్లాంటిస్ కథ ఎత్తుకొన్నది. ప్లేటో చెప్పిన మునిగిపోయిన మహారాజ్యము ఇదియేనట. యాత్రికులకు ఈ మాట మిక్కిలి ప్రియము. నాకు మాత్రము కథకంటె నిజమే ఎక్కువ ఆశ్చర్యకరముగా తోచినది. ఏలయనగా ముందుదినమే నేను ఆక్రొతీరిని చూచి వచ్చితిని.

ఆక్రొతీరి ద్వీపపు దక్షిణభాగమున ఆ తెల్లని పొర క్రింద దొరికిన ఊరు. స్పిరిడాన్ మారినాటోస్ అను గ్రీకు పండితుడు 1967లో అచ్చట త్రవ్వకములు ప్రారంభించి, 1974లో ఆ స్థలముననే కాలధర్మము చెందెను. రెండంతస్తుల, మూడంతస్తుల ఇండ్లు, వీధుల క్రింద మురుగుకాలువలు, నిలువెత్తు జాడీలు, గోడలనిండ చిత్రములు బయటపడినవి. ఒక ఇంటిగోడపై ఓడల వరుస యొకటి ఊరినుండి ఊరికి పోవుచున్నట్లు చిత్రించియున్నది. నేటి యాత్రికునికి ముందు 3,600 ఏండ్ల క్రిందటనే ఈ నీటిపై ఉత్సవముగా నావలు నడచినవి.

ఐతే నా మనస్సును పట్టుకొన్నది చిత్రములు కాదు, ఒక మెట్లవరుస. రాతిమెట్లు ప్రతి ఒక్కటియు నడిమికి విరిగియున్నది. ప్రేలుడునకు ముందు వచ్చిన భూకంపము దానిని విరిచినది. ఆ కంపము పిమ్మట జనులు వీధులలోని రాళ్లను ఎత్తి కుప్పలు పోసిరి. మంచములను బయట పెట్టిరి. పనికివచ్చు జాడీలను ఒకచోట చేర్చిరి. అనగా ఇండ్లు మరల కట్టుకొనవలెనని తలచిరి. ఇంతలో పలుచని బూడిద రాలినది. పని ఎక్కడిదక్కడ ఆగినది. ఇటలీలోని పాంపేయీ నగరమున వలె ఇచ్చట శవములు దొరకలేదు. బంగారము దాదాపు లేదు. జనులు విలువైన వస్తువులను మూటకట్టుకొని ఊరు విడిచిరి. ఓడలెక్కి దూరము పోగలిగిరో, రేవువద్దనే మృత్యువు పాలైరో తేలలేదు. ఊరిలో ఇంతవరకు త్రవ్వినది చిన్నభాగము మాత్రమే.

ఈ సభలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన పెద్దలున్నారు. ఊరు విడిచి పొమ్మను మాట వినుట ఎంత కష్టమో, పశువులను కోళ్లను వదలి కదలుట ఎట్టిదో వారికి నేను చెప్పనక్కరలేదు. ఆక్రొతీరి వారికి రేడియో లేదు. పగిలిన మెట్లును, రాలిన బూడిదయును మాత్రమే వారికి అందిన కబురు.

ఇక నావవద్దకు వత్తము. మొదట ఆగినది నడిమిద్వీపమైన నేయా కామేని వద్ద. గ్రీకుభాషలో కామేని అనగా కాలినది. నేయా అనగా క్రొత్తది. మూకుడు నడుమ నీటినుండి 1707లో ఈ దీవి పైకి లేచినది. అటుపిమ్మట 1866, 1925, 1939 సంవత్సరములలో పెరిగి, 1950లో కడపటిసారి ఒక నెలలోపల ప్రేలి ఊరకున్నది. రుసుము చెల్లించి పైకి నడచితిమి. చెట్టు లేదు, నీడ లేదు. బొగ్గుకుప్పవంటి నల్లని రాళ్లు. శిఖరము 120 మీటర్లకు పైబడిన ఎత్తే యైనను ఎండకు చెప్పులు కాలినవి. నోటిగుంటల అంచున నేల చీలికలనుండి ఆవిరి వచ్చుచున్నది, గంధకపు కంపు. భూమి వేడిమిని, కదలికను కొలుచు యంత్రములు అక్కడక్కడ అమర్చియున్నవి.

ప్రక్కనే పాలేయా కామేని, అనగా పాత కాలినది. క్రీ.పూ. 197లో ఇచ్చట సముద్రమునుండి నాలుగుదినములు మంటలు లేచి దీవి పుట్టినదని స్ట్రాబో అను భూగోళ రచయిత వ్రాసెను. దాని ఏటిమూలవంటి చోట వేడినీటి ఊటలున్నవి. నావ దగ్గరకు పోదు. ఈత వచ్చినవారు దుమికి పోవలెను. నీరు ఇనుపతుప్పు వన్నె. తెల్లబట్టలతో దుమికినవారు కాషాయవస్త్రములతో తిరిగివచ్చిరి. గోదావరి పాయలో నేర్చిన ఈత నాకును అచ్చట పనికివచ్చినది. వేడి అనుకొన్నంత లేదు. మన గోరువెచ్చని స్నానపు నీళ్లకంటె చల్లన.

మధ్యాహ్నమునకు థిరాసియా చేరితిమి. అచ్చట జనులు కొద్ది వందలే. రేవున నాలుగైదు భోజనశాలలు. ఫావా అను పదార్థము పెట్టిరి. పసుపువన్నె పప్పును మెత్తగా ఉడికించి, ఓలివునూనె పోసి, పచ్చి ఉల్లిపాయముక్కలు చల్లి ఇచ్చుదురు. మన ముద్దపప్పునకు దూరపు చుట్టము. ఈ పప్పుగింజలే ఆక్రొతీరి జాడీలలోను దొరికినవి. ద్రాక్షసారము నేను ముట్టలేదు గాని, ద్రాక్ష పెంచు తీరు చెప్పదగినది. ఆ గాలికి పందిరి నిలువదు గనుక తీగను నేలమీదనే గంపవలె చుట్టుదురు. గుత్తులు గంపలోపల పెరుగును. ఏరులు లేని నేల. వేసవిలో వాన లేదు. రాత్రిపూట సముద్రమునుండి వచ్చు మంచుతేమయే దానికి ఆధారము.

ఈ చిన్నదీవికిని సూయజ్ కాలువకును సంబంధమున్నదన్నచో మీరు నమ్మరు. ఇచ్చటి బూడిదను సున్నముతో కలిపినచో నీటిలోనే గట్టిపడును. 1860ల నాటి సూయజ్ నిర్మాణములో రేవుగోడలకు ఈ మన్నును ఓడలకొలది తరలించిరి. అట్లు త్రవ్వుచుండగా 1866లో బూడిదక్రింద ఇండ్లగోడలు తగిలినవి. ఫూకే అను ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు పరిశీలించి, అవి మహాప్రేలుడునకు పూర్వపు నివాసములని తెలిసికొనెను. ష్లీమన్ ట్రాయి నగరమును త్రవ్వుటకు ముందటి మాట ఇది. 1869లో కాలువ తెరచినపిమ్మట మనవారు ఆ దారినే పైచదువులకు సీమకు పోయిరి. మనకును ఇట్టి బూడిద ఒకటి కలదు. నంద్యాల జిల్లా జ్వాలాపురమున ఇండోనీషియాలోని టోబా పర్వతమునుండి సుమారు 74,000 ఏండ్లక్రిందట గాలిలో వచ్చిపడిన బూడిదపొర ఉన్నది. దానికి క్రిందను పైనను రాతిపనిముట్లు దొరికినవని 2007లో పండితులు ప్రకటించిరి.

భోజనానంతరము సరంగు గోడనీడన కూర్చుండియుండగా నేను దుబాసీని వెంటబెట్టుకొని అతనితో మాటాడితిని. 1956 జూలై 9వ తేదీ తెల్లవారుజామున అమోర్గోస్ దీవికడ పుట్టిన భూకంపము ఈ ద్వీపమును కూల్చినది. 53 మంది మరణించిరి. అతని తల్లి అప్పుడు పదియేండ్ల బాలిక. కొండలో తొలిచిన ఇంటిలో నిదురించుచుండగా కప్పు పెళ్లలు రాలినవట. ఆ యేట అనేకులు ఏథెన్సు ప్రాంతమునకు వలసపోయి తిరిగి రాలేదు. ఆమె ఉండిపోయినది.

2025 జనవరి చివరనుండి మరల నేల కంపింపసాగినది. ఫిబ్రవరిలో దినమునకు వందలకొలది కంపములు. వానిలో పెద్దది 5.3 ప్రమాణముగలది. బడులు మూసిరి, 11,000 మందికి పైగా ఓడలలోను విమానములలోను ద్వీపము విడిచిరి. సముద్రగర్భమున కరగిన శిల పైకి త్రోసికొనివచ్చుటచే ఇది జరిగినదని శాస్త్రజ్ఞులు పిమ్మట తేల్చిరి. ఒక్క ప్రాణము పోలేదు. సరంగు భార్యను, మనుమలను పైరేయస్ ఓడ ఎక్కించెను. తల్లి కదలనన్నది. "1956లో కదలలేదు, ఇప్పుడేల?" అన్నదట. అప్పుడు అతడు ఆమెను కుర్చీతోసహా ఎత్తి ఓడలో కూర్చుండబెట్టెను. ఆమె రెండునెలలు కుమారునితో మాటాడలేదు.

"మీరు పోలేదా?" అని అడిగితిని.

"పడవను ఎవరు చూచుకొందురు?" అనెను.

"మీవారు తిరిగి ఎందులకు వచ్చిరి?"

అతడు నన్ను వింతగా చూచి, "ఏప్రిల్ వచ్చినది గదా! పడవకు రంగు వేయవలెను" అనెను. అంతకుమించి అతనినుండి మాట రాలేదు.

సాయంకాలము ఉత్తరపు కొసనున్న ఈయా గ్రామము క్రిందుగా పోయితిమి. సూర్యాస్తమయము చూచుటకు అంచునిండ జనము. గోడలపై, మెట్లపై, చర్చికప్పులపై చీమలబారువలె నిలిచియున్నారు. ద్వీపవాసులు పదునైదువేలకు కొంచెము పైన. యాత్రికులు ఏటేట లక్షలు. విహారనౌకలలో వచ్చువారిపై 2025 జూలై నుండి పన్ను విధించినారు. వేసవి రద్దీదినములలో మనిషికి 20 యూరోలు. నీరు కొనవలసిన నేలపై ఇంతమంది స్నానములు చేయుట ఎన్నాళ్లు సాగునో! ఆ జనమును చూచినపిమ్మట సూర్యునికంటె నావలోని నిశ్శబ్దమే నాకు హితవైనది. ఉత్తరపుగాలి వెనుకనుండి వీచుచుండగా సరంగు ఇంజను ఆపి తెరచాప లెత్తించెను. నల్లని దీవి కుడివైపున, ఎఱ్ఱబడిన కొండచరియ ఎడమవైపున. త్రాళ్ల కిఱ్ఱుమను చప్పుడు తప్ప వేరొకటి లేదు. ఫీరారేవు చేరువరకు ఎవరును పలుకలేదు, దుబాసీయువతి సహితము.

ఇంకొక్క సంగతి చెప్పి ముగించెదను. ఆక్రొతీరి చిత్రములలో నీలివన్నె కోతులున్నవి. వానిని ఫీరా చిత్రశాలలో చూచితిని. చిరకాలము వీనిని ఆఫ్రికా కోతులనుకొనిరి. ఏజియన్ చిత్రకారులు బూడిదవన్నెకు బదులు నీలము వాడుట కలదు. తోక పైకెత్తి వంచుతీరును, ఒడలి పొంకమును పరిశీలించి, ఇవి మన దేశపు కొండముచ్చులని 2019లో కొందరు పండితులు వ్రాసిరి. గ్రీసున గాని, ఈజిప్టున గాని కొండముచ్చులు లేవు. సింధులోయనుండి వర్తకుల చేతులు మారుచు ఆ జంతువైనను, దాని రూపమైనను అంతదూరము పోయియుండవలెనని వారి ఊహ. మన దొడ్డిలో చింతచెట్టు దులుపు కొండముచ్చు ఏజియన్ గోడపై కనుపించునని నేను కలనైన తలపలేదు.

ఆ చిత్రము అచ్చుప్రతి యొకటి తెచ్చితిని. గ్రంథాలయాధికారిగారికి ఇప్పుడే అప్పగించుచున్నాను. సభ ముగిసినపిమ్మట పిల్లలు వరుసగా వచ్చి చూడవచ్చును. చేతులు తడి లేకుండ తుడుచుకొని రావలెను.