అడిగి రాద్దాం, రాసి దిద్దుదాం
(మహిళల చదువు కేంద్రంలో ఒక అక్క చేసిన ప్రసంగం)



నేను పెద్ద చదువులు చదవలేదు. మీలాగే పిల్లల తల్లినయ్యాక పలక పట్టినదాన్ని. "చదవడం వచ్చింది. రాయాలంటే మాత్రం చెయ్యి ఆడదు" అని మొన్న మీలో ఒకరు అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీరు విన్నదే. అక్కడి ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకున్నారు. పాఠంలో తమ బతుకునే చూసుకున్నారు. 1992లో సారా మీద తిరగబడ్డారు. ఊరూరా ఆడవాళ్ళు కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బందయింది. అది చదువు బలం. రాతకూ బలం ఉంది. కానీ అది ఊరికే రాదు. మా వాడ అర్జీ సంగతి చెప్తాను, వినండి.

అది 2011వ సంవత్సరం. మా వాడ బోరింగు పాడయింది. నలుగురం కూర్చుని అర్జీ రాశాం. ఏమని రాశాం?

"అయ్యా, మాకు నీళ్ళకు చాలా కష్టంగా ఉంది. ఎవరూ పట్టించుకోవడం లేదు. తమరు దయ తలచి కొత్త బోరు వేయించవలెను. ఇట్లు, వాడ ఆడవాళ్ళు."

ఆఫీసుకు పట్టుకుపోయాం. అక్కడి గుమాస్తా చదివి, "ఏ వాడ? ఏ బోరింగు? ఎప్పటినుంచి పాడయింది? ఎన్ని ఇళ్ళు?" అని అడిగాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాగితం మా చేతిలోనే పెట్టి పంపేశాడు. దారంతా కళ్ళనీళ్ళే. అయితే ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. మేమే తెలుసుకోకుండా రాశాం.

మొదటి మెట్టు: తెలుసుకోవడం

మర్నాడు ఇల్లిల్లూ తిరిగాం. "వంద ఇళ్ళని రాయండి, గట్టిగా ఉంటుంది" అన్నారు కొందరు. లెక్కపెడితే 42 ఇళ్ళు. 42 అనే రాసుకున్నాం. వంద అని రాస్తే, అధికారి వచ్చి లెక్కపెడితే? అప్పుడు మన నిజం కూడా అబద్ధమైపోతుంది.

బోరింగు ఎప్పుడు ఆగింది? సంక్రాంతికని ఒకరు, శివరాత్రికని ఒకరు. ఒక బాలింత, "నా పురిటిస్నానం నాడే ఆగింది. పదకొండో రోజు" అంది. ఆస్పత్రి చీటీ తీసి చూశాం. బిడ్డ పుట్టింది ఫిబ్రవరి 1న. అంటే బోరింగు ఆగింది ఫిబ్రవరి 11న. తేదీ దొరికింది!

పక్క ఊరి బోరింగు మెకానిక్కును పిలిచి చూపించాం. "నీళ్ళున్నాయమ్మా. లోపలి రాడ్డు విరిగింది" అన్నాడు. చూశారా! మేము కొత్త బోరు అడిగాం. కావలసింది రాడ్డు! తెలుసుకుంటే అడిగేదే మారిపోయింది.

కొన్ని సంగతులు ఆఫీసు కాగితాల్లోనే ఉంటాయి. బాగుచేతకు ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది లాంటివి. వాటినీ అడగవచ్చు. అందుకు 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. కాగితం ఇస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. మన దగ్గర గ్రామ పంచాయతీలో అడిగితే రుసుము లేదు. మండలాఫీసులో అయితే 5 రూపాయలు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పినా, కాగితం మీద పెట్టడానికి అధికారి సాయం చెయ్యాలి.

రెండో మెట్టు: చిత్తు రాయడం

చిత్తు అంటే సిగ్గుపడకండి. అది మన కోసం రాసుకునేది. ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా ఆగవద్దు. మనసులో ఉన్నదంతా రాయండి. ఒక్కటి గుర్తుంచుకోండి. గీత విడిచి గీత రాయండి. దిద్దుకోవడానికి చోటు ఉంటుంది.

మూడో మెట్టు: చదివి దిద్దడం

చిత్తును పైకి చదివాం. చదువురాని ఒక అవ్వ అంతా విని, "ఇంతకీ ఏం కావాలంటారే మీరు?" అంది. నిజమే! అడిగేది ఎక్కడో అడుగున పడింది. దాన్ని పైకి తెచ్చాం.

పాత తగాదా ఒకటి కూడా రాశాం. బోరింగుకూ దానికీ సంబంధం లేదు. కొట్టేశాం. మనసొప్పలేదు, అయినా కొట్టేశాం.

ఇంకొక తప్పు నాది. "రాడ్డు విరిగింది" అనడానికి "రాడు విరిగింది" అని రాశాను. "ఎవరే రానిది?" అని అందరూ ఒకటే నవ్వు. ఒక్క ఒత్తు పోతే మాటే మారిపోతుంది. అందుకే ఒకరు రాస్తే ఇంకొకరు చూడాలి.

నాలుగో మెట్టు: సాపు రాయడం

చివరికి అర్జీ ఇలా వచ్చింది. పైన ఊరు, మండలం, తేదీ వేశాం.

"అయ్యా, మా వాడలో రామాలయం వెనక ఉన్న బోరింగును బాగు చేయించమని కోరుతున్నాము. అది 2011 ఫిబ్రవరి 11 నుంచి పనిచేయడం లేదు. లోపలి రాడ్డు విరిగిందని మెకానిక్కు చూసి చెప్పాడు. 42 ఇళ్ళకు ఆ నీళ్ళే ఆధారం. ఇప్పుడు పొలం మోటారు దగ్గరికి పోతున్నాము. రానూ పోనూ అరగంట. రోజుకు నాలుగుసార్లు. అంటే రెండు గంటల పని పోతున్నది."

కింద సంతకాలు, వేలిముద్రలు. నకలు ఒకటి మా దగ్గర ఉంచుకున్నాం. అర్జీ ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం.

పదిహేను రోజులు చూశాం. ఎవరూ రాలేదు. నకలు పట్టుకుని మళ్ళీ పోయాం. ఈసారి ఏం అడిగినా జవాబు చెప్పాం. ఆ వారంలోనే రాడ్డు మార్చారు. మొదటి బిందె ఆ బాలింతకే ఇచ్చాం.

అక్కలారా! మన చేతిరాత వంకరగా ఉన్నా ఫరవాలేదు. రాసిన సంగతి సరిగా ఉండాలి. రేపు వచ్చేటప్పుడు మీ వాడ కష్టం ఒకటి అనుకుని రండి. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎంతమందికి, ఏం కావాలి? ఈ నాలుగూ కనుక్కుని రండి. అందరం కలిసి చిత్తు రాద్దాం.